"నా నోట్ల రక్తమొస్తదా డాడీ?"

ప్రశ్న: మేడం, నాకు 38 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. తాతల కాలం నుంచి మేము ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్కులం. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, 2021లో కరోనాతో పోయారు. అమ్మ కాజీపేటలో సొంతింట్లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయినప్పటి నుంచి మొదటి శుక్రవారం ఆరాధన ఒక్కసారి కూడా మానలేదు. నా భార్యది బాప్టిస్టు కుటుంబం. పోయిన నెల ఒకరోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు అమ్మ ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టింది. పూజలో పంచే అప్పం (పల్చటి గోధుమ రొట్టె) రక్తమోడి మాంసంగా మారిందని, సైంటిస్టులు పరీక్షిస్తే గుండె కండరమని తేలిందని, బ్లడ్ గ్రూపు ఏబీ అని అందులో ఉంది. దాని కింద మేమెవ్వరం ఏమీ రాయలేదు. ఆ ఆదివారం అందరం అన్నం తింటుంటే అమ్మే ఆ మాట ఎత్తింది. "అది బ్యాక్టీరియా అమ్మా, మా ల్యాబుల రోజూ చూస్తం. ఇసొంటివి పెట్టి పరువు తియ్యకు" అన్నాను. మా బావమరిది అందుకుని "అసలు రొట్టెకు మొక్కుడే తప్పు" అన్నాడు. అమ్మ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే "బాగున్న" అని పెట్టేస్తోంది. మా పాప నాలుగో తరగతి. వచ్చే మే నెలలో తొలి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి, అంటే పూజలో ఆ అప్పాన్ని మొదటిసారి నోట్లో వేసుకోవాలి. ఆ వీడియో చూసినప్పటి నుంచి "నా నోట్ల రక్తమొస్తదా డాడీ?" అని అడుగుతోంది, ఉపదేశం క్లాసుకు పోనని ఏడుస్తోంది. నేను ఈ అద్భుతాలు నమ్మలేను. నమ్మకపోతే నేను క్యాథలిక్‌నేనా? అమ్మకు ఏం చెప్పాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ముందు పాప సంగతి చూద్దాం. మిగతావి వారం ఆగినా కొంపలు మునగవు.

ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని "రక్తం రాదు బిడ్డా" అని చెప్పండి. బహుశా రాదు, మామూలుగా రాదు అని నసగొద్దు. పిల్ల మనసు కుదుటపడాలని చెప్పే అబద్ధం కాదిది, శ్రీసభ (క్యాథలిక్ సంఘం) బోధే ఇది. గురువు క్రీస్తు మాటలు పలికాక ఆ అప్పం క్రీస్తు శరీరమవుతుందని మనం నమ్ముతాం. కానీ రంగు, రుచి, వాసన, బరువు, నాలుక మీద కరిగే తీరు, అన్నీ రొట్టెవే ఉంటాయి. 1551లో ట్రెంటులో జరిగిన బిషప్పుల మహాసభ తేల్చి చెప్పింది కూడా ఇదే. అంటే మీ పాప నోట్లో రొట్టె రుచే ఉంటుంది. మీకు, మీ అమ్మగారికి, నాకు ఇన్నేళ్లుగా ఉన్నట్టే.

మాటలతో భయం పోకపోతే చేతికిచ్చి చూపించండి. నా చిన్నప్పుడు మా ఊరి మఠంలో సిస్టర్లు శుక్రవారం అప్పాలు చేసేవాళ్లు. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు కూడా వేయరు. పొడుగాటి పిడులున్న ఇనుప అచ్చును పొయ్యి మీద కాల్చి, పల్చటి పిండి ఒక గరిటెడు పోసి మూసేవాళ్లు. చుయ్యిమని అంచుల నుంచి ఆవిరి వచ్చేది. తెరిస్తే కాగితం లాంటి తెల్లటి రేకు, దాని మీద సిలువ గుర్తు. గుండ్రంగా కత్తిరించుకోగా మిగిలిన అంచులను న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి మా చేతిలో పెట్టేవాళ్లు. నాలుక మీద పెట్టుకుంటే అంగిలికి అంటుకుని నెమ్మదిగా కరిగేది. మేము బడికి పోయే దారిలోనే పొట్లం ఖాళీ చేసేవాళ్లం. మీ ఫాదర్‌ను అడిగితే పూజలో వాడని అప్పం ఒకటి ఇస్తారు. తొలి సత్ప్రసాదానికి ముందు పిల్లలకు వాటితో ప్రాక్టీసు చేయించడం మామూలే. ఇంటికి తెచ్చి పాపతో తినిపించండి, మీరూ ఒకటి తినండి. "ఆ రోజు కూడా ఇట్లనే ఉంటది" అని చెప్పండి. ఉపదేశం చెప్పే టీచరుతో కూడా ఒక మాట అనండి, పిల్లలకు ఆ వీడియోలు చూపించొద్దని. పెద్దల్లో భక్తి పుట్టించే బొమ్మ తొమ్మిదేళ్ల పిల్లకు పీడకల అవుతుంది.

ఇక మీ ప్రశ్న. నమ్మకపోతే మీరు క్యాథలిక్ అవునా కాదా?

అవును, నూటికి నూరుపాళ్లు. ఆదివారం నిలబడి చెప్పే విశ్వాస సంగ్రహంలో ఏ ఊరి అద్భుతం పేరూ లేదు. క్రీస్తు సత్ప్రసాదంలో నిజంగా ఉన్నాడని నమ్మమంటుంది శ్రీసభ. ఫలానా ఊళ్లో ఫలానా ఏడు అప్పం ఎర్రబడిందని నమ్మి తీరాలని ఎవరినీ అడగదు. మేత్రాణులు (బిషప్పులు) పరిశీలించి ఆమోదించిన సంఘటనల మీద కూడా, గౌరవించవచ్చు అని అనుమతే ఉంటుంది, నమ్మాల్సిందే అన్న ఆజ్ఞ ఉండదు. శ్రీసభ అధికారిక బోధల పుస్తకమైన సత్యోపదేశ గ్రంథంలో 67వ పేరా చదవండి. సొంత దర్శనాలు, ప్రత్యక్షతలు విశ్వాస నిధిలో భాగం కావని అక్కడ రాసి ఉంది. 2024 మే 17న రోము, అంటే వాటికన్, కొత్త నియమాలు ప్రకటించింది. ఇలాంటివి జరిగాయని వినిపిస్తే మేత్రాణులు ఎలా విచారించాలి, ఎంత జాగ్రత్తగా ఉండాలి అన్నదే అందులో ఉన్న మాటంతా.

మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటుంది. సత్ప్రసాదం మీద 13వ శతాబ్దంలో అంత లోతుగా రాసిన పునీత థామస్ అక్వినాస్‌కు ఈ ప్రశ్న ఎదురైంది. అప్పంలో మాంసమో, పసిబిడ్డో కనిపించిందని జనం చెబుతారు కదా, అలా కనిపించేది క్రీస్తు అసలు శరీరమేనా అని. ఆయన అలా ఒప్పుకోలేదు. అది చూసేవారి కళ్లకు కలిగే అనుభవం కావచ్చు, పైరూపంలో వచ్చే మార్పు కావచ్చు, క్రీస్తు తన సొంత రూపంలో అక్కడ కంటికి కనబడడు అన్నాడు. అద్భుతం జరగదని ఆయన అనలేదు. కనబడే మాంసాన్ని, కనబడని సాన్నిధ్యాన్ని ఒకటిగా కలపొద్దన్నాడు. అక్వినాస్ అంతటివాడే ఇంత ఆచితూచి మాట్లాడితే మీకు అనుమానం రావడం పాపమెలా అవుతుంది?

ఇప్పుడు మీ వృత్తి భాషలో మాట్లాడుకుందాం.

ఆ వీడియోలో గుండె కండరం, ఏబీ గ్రూపు అని ఉందంటే అది ఎక్కువగా ఇటలీలోని లాంచానో కథ అయివుంటుంది. 8వ శతాబ్దంలో ఒక సన్యాసి పూజ చేస్తూ అనుమానపడ్డాడని, ఆయన చేతుల్లోనే రొట్టె మాంసంగా, ద్రాక్షరసం రక్తంగా మారాయని చెబుతారు. ఆ మాంసం, గడ్డకట్టిన అయిదు రక్తపు ముద్దలు ఇప్పటికీ అక్కడి గుడిలో ఉన్నాయి. 1970 నవంబరులో అరెజ్జో ఆసుపత్రి డాక్టరు ఒడోఆర్దో లినోలికి వాటి ముక్కలు పరీక్షకు ఇచ్చారు. మనిషి గుండె కండరమని, గ్రూపు ఏబీ అని ఆయన 1971లో చెప్పారు. ఇంతవరకు నిజం. గాలి కబురు కాదు.

మరి మీ ల్యాబుకు ఒక ట్యూబు వచ్చిందనుకోండి. మీద పేరు లేదు. ఎప్పుడు తీశారో లేదు. ఎవరు తీశారో, మధ్యలో ఎన్ని చేతులు మారిందో తెలీదు. మీరు పరీక్ష చేస్తే అందులో ఏముందో చెప్పగలరు. ఎవరిదో చెప్పగలరా? లాంచానోలో లినోలి గారు తన ముందున్నది గుండె కండరమని చెప్పగలిగారు. అది ఒకప్పుడు రొట్టె అని మైక్రోస్కోపులో కనబడదు కదా. ఆ కథ మనకు రాతలో దొరికేది జరిగిందన్న కాలానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాత. మధ్యలో అంత కాలం ఆ సాంపిల్‌కు లేబుల్ లేదు.

ఏబీ సంగతి మీకు నేను చెప్పేదేముంది. చాలా రకాల బ్యాక్టీరియాల ఒంటి మీద, రక్తం గ్రూపును తేల్చే ఏ, బీ యాంటిజెన్‌లను పోలిన పదార్థాలుంటాయి. పాతబడి చెడిపోయిన సాంపిల్‌లో అవి చేరితే గ్రూపు తప్పుగా ఏబీ చూపించవచ్చు. అన్ని చోట్లా ఏబీయే వచ్చింది చూడండి అని వీడియోల్లో దాన్నే పెద్ద రుజువుగా పెడతారు. అది రుజువుకు చాలదు.

అయితే తమ్ముడూ, మీరు చేసిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. అమ్మ చూపించింది గుండె కండరం కథ. మీరిచ్చిన జవాబు బ్యాక్టీరియా. ఎర్ర మచ్చకు బ్యాక్టీరియా జవాబు అవుతుంది, గుండె కండరానికి కాదు. మీరూ సాంపిల్ చూడకుండానే రిపోర్టు రాసేశారు. ఆ వీడియో చేసినవాళ్లు చేసిందీ అదే.

ఎర్ర మచ్చ కథ మాత్రం అందరికీ తెలియాల్సింది. 1819 వేసవిలో ఇటలీలో పాదువా దగ్గర లెన్యారో అనే పల్లెలో ఒక రైతు ఇంట్లో వండి పెట్టిన మక్కపిండి ముద్ద రాత్రికి రాత్రి నెత్తురు చుక్కలు పడ్డట్టు ఎర్రబడింది. మన మక్కగట్క లాంటిదే అది, పేదవాళ్ల తిండి. ఊరు ఊరంతా హడలిపోయింది. ఆ ఇంటి మీద శాపం పడిందన్నారు. బార్తొలొమియో బిజియో అనే మందుల శాస్త్రజ్ఞుడు ఆ ఎర్రదనాన్ని కొంచెం తీసి తాజా ముద్ద మీద పెట్టి, తేమగా, వెచ్చగా ఉంచాడు. అదీ ఎర్రబడింది. అంటే అది పెరిగేదీ పాకేదీ అని తేలింది. దానికి సెరాషియా అని పేరు పెట్టాడు. మీరు ప్లేట్ల మీద చూసే సెరాషియా మార్సెసెన్స్ అదే. మామూలు గది వేడిలో ఎర్రగా పెరిగి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రంగు కోల్పోయేది కూడా అదే. బాత్రూం టైల్స్ సందుల్లో గులాబీ రంగు జిగురుగా కనబడేది చాలాసార్లు ఇదే.

దీనికీ అప్పానికీ ఏం సంబంధమో తెలియాలంటే, కిందపడిన అప్పాన్ని ఏం చేస్తారో తెలియాలి. అది నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. మా నాన్న ఉపదేశి, అంటే ఊళ్లలో ఉపదేశం చెప్పేవారు. 1952లో వరంగల్ మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడినప్పుడు ఆయన కుర్రవాడు. ఇటలీ ఫాదర్ల సైకిల్ వెనక కూర్చుని ఊర్లు తిరిగిన మనిషి. నాకు పదేళ్లప్పుడు ఒక ఈస్టరు పూజలో పళ్లు లేని ఒక ముసలవ్వ నోట్లోంచి సత్ప్రసాదం జారి కింద పడింది. ఫాదర్ ఆగిపోయారు. పడిన చోట తెల్లగుడ్డ పరిచారు. సత్ప్రసాదాన్ని తీసి చిన్న గాజు గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి, సత్ప్రసాదం దాచే మందసంలో పెట్టారు. అవ్వ వణికిపోతుంటే భుజం మీద చెయ్యి వేసి "ఏం కాదమ్మా" అన్నారు. మరుసటి రోజుకు నీళ్లు ఎర్రగా మారి ఉంటాయని నేను ఊహించుకుంటూ రాత్రంతా నిద్రపోలేదు. మూడో రోజు నాన్న చూపించారు. అడుగున తెల్లటి మడ్డి, పల్చటి గంజిలాగ. సిలువ గుర్తు పోయింది, అంచు పోయింది. నాకు ఏడుపొచ్చింది. "రక్తం రాలేదేంది నాన్నా, మనం నమ్మలేదా?" అని అడిగాను. నాన్న ఆ నీళ్లను గుడి వెనక మట్టిలో పోస్తూ "రొట్టె రూపం ఉన్నంతవరకే ఆయన ఇందుల ఉంటడు బిడ్డా. మొన్న నీ నోట్లెకు వచ్చిండు గద, ఆయన యాడికి పోతడు" అన్నారు. సత్యోపదేశ గ్రంథం 1377వ పేరాలో ఉన్నది అదే బోధ అని పెద్దయ్యాక తెలిసింది. అప్పం రూపం ఎంతకాలం నిలుస్తుందో అంతకాలమే అందులో ఆ సాన్నిధ్యం.

ఇప్పుడు గమనించండి. 1996లో బ్వేనోస్ ఐరీస్‌లో, 2008లో పోలండ్‌లోని సోకుల్కాలో, 2013లో అక్కడే లెగ్నిత్సాలో, 2015లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగిందన్నవన్నీ ఇలాగే మొదలయ్యాయి. కిందపడినదో, ఎవరో వదిలేసినదో అప్పాన్ని నీళ్లలో వేశారు, కొన్ని రోజులకు ఎర్రబడింది. యూటాలో మేత్రాసనం కమిటీ వేసి పరీక్ష చేయించింది. రొట్టె మీద పెరిగే ఎర్రబూజు అని తేలితే, అద్భుతం కాదని వాళ్లే ప్రకటించారు. 2025లో ఇండియానా రాష్ట్రంలోని మోరిస్ గుడిలో అప్పం మీద ఎర్ర మచ్చలొస్తే ల్యాబుకు పంపారు. రక్తం లేదు, ఫంగస్, మనుషుల చేతుల మీద ఉండే బ్యాక్టీరియా ఉన్నాయని అక్కడి అగ్రపీఠమే (ఆర్చ్‌బిషప్ కార్యాలయం) చెప్పింది. పరీక్ష చేయించిందీ, కాదని చెప్పిందీ గుడివాళ్లే అన్న సంగతి మీ అమ్మగారు చూసే వీడియోల్లో రాదు. అది నాకు బాధ. సత్ప్రసాదం మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ మాట గట్టిగా చెప్పాలి.

సోకుల్కాలో ఇద్దరు పాథాలజీ డాక్టర్లు గుండె కండరం లాంటిది కనబడిందన్నారు, పోలండ్ శాస్త్రవేత్తలే ఇంకొందరు పరీక్ష చేసిన పద్ధతిని తప్పుబట్టారు. లెగ్నిత్సాలో 2016లో అక్కడి మేత్రాణులు గౌరవించడానికి అనుమతించారు. మన పక్కనే కేరళలో కన్నూరు జిల్లా విలక్కన్నూరులో 2013 నవంబరులో అప్పం మీద యేసు ముఖం కనిపించిందన్న సంఘటనను పన్నెండేళ్లు ఆగి 2025లో రోము గుర్తించింది. అంటే కొన్ని తేలాయి, కొన్ని తేలలేదు, కొన్నింటిని శ్రీసభ గౌరవించింది. అన్నింటినీ ఒకే గాటన కట్టడం మీ చదువుకు తగదు.

నన్ను అడుగుతారేమో. లాంచానోను నేను కొట్టిపారేయను. దాని ముందు మోకరిల్లేవాళ్లను చూసి నవ్వను. కానీ రేపు ఇంకో ల్యాబు అది ఎవరో మనిషి గుండె అని తేల్చినా, ఎల్లుండి నా పూజకు ఏ లోటూ రాదు. కపెర్నహూములో యేసు తన శరీరం తినమన్నప్పుడు "ఇది కఠినమైన మాట" అని చాలామంది శిష్యులు వెళ్లిపోయారు. వెళ్లేవాళ్లను ఆపడానికి ఆయన అక్కడ రొట్టెను మాంసం చేసి చూపించలేదు. యోహాను ఆరో అధ్యాయం చదివిన ప్రతిసారీ నేను అక్కడే ఆగిపోతాను.

ఇంకో మాట చెప్పక తప్పదు, వినడానికి కష్టంగా ఉన్నా. 1298లో జర్మనీలో రోటింగెన్ అనే ఊళ్లో యూదులు అప్పాన్ని అవమానించారని పుకారు లేచింది. ఒక గుంపు ఊరూరా తిరిగి వేలమంది యూదులను చంపింది. పిల్లలను కూడా. యూరప్‌లో ఇలాంటి నరమేధాలు తర్వాతా జరిగాయి, చాలావాటి వెనక పొడిస్తే రక్తం కారిన అప్పం కథ ఉంది. అద్భుతం కథను పరీక్షించకుండా పంచితే పరువు పోవడమే కాదు, ప్రాణాలు పోయిన చరిత్ర మనకుంది. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని పౌలు రాసింది అందరికీ.

మీ బావమరిది మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ప్రభువు బల్ల దగ్గర క్రీస్తు ఎలా ఉన్నాడన్నది వాళ్ల ప్రొటెస్టెంటు పెద్దలే తేల్చుకోలేకపోయారు. 1529లో జర్మనీలోని మార్బుర్గులో ఆ పెద్దల్లో ఒకరైన లూథర్ బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని రాసి, ఆ మాటను దాటనని కూర్చున్నాడు. ఇంకో పెద్ద జ్వింగ్లీ అది గుర్తు మాత్రమే అన్నాడు. విడిపోయి వెళ్లారు. అయిదు వందల ఏళ్ల తగవు మీ అన్నం బల్ల దగ్గర తేలదు. కాకపోతే అతనితో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క మాట అనండి, ఆ ఇంట్లో ఆమె పెద్దది, ఆమె వండింది తింటూ ఆమె మొక్కేదాన్ని తప్పనొద్దని. మీ భార్య ద్వారా చెప్పించకండి. ఇద్దరి మధ్యా నలిగేది ఆ అమ్మాయే.

ఇక అమ్మ.

మీ ఉత్తరాన్ని నేను నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ నా కళ్లు ఒకే చోట ఆగాయి, తెల్లవారుజామున నాలుగు గంటలు. ఆ వేళకు ఆమె ఎందుకు మేలుకుని ఉన్నారని మీరు అడిగారా? కాజీపేటలో ఆ వేళ రైళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. పక్కన మనిషి లేడు. ఫోన్ తెరిస్తే, క్రీస్తు గుండె ఇంకా కొట్టుకుంటోంది చూడు అని ఒక వీడియో కనబడింది. ఎవరికి చెప్పాలి? కొడుక్కే కదా పంపాలి. రుజువు చేద్దామని పంపలేదు తమ్ముడూ, సంతోషం పంచుకుందామని పంపారు. దాని కింద ఇంట్లో ఒక్కరూ ఒక్క అక్షరం రాయలేదు. మూడు రోజులో నాలుగు రోజులో ఆగి, అన్నం దగ్గర తనే మాట ఎత్తారు. అప్పుడు మీరన్నది "పరువు తియ్యకు" అని.

మీరు క్షమాపణ చెప్పాల్సింది ఆ ఒక్క మాటకే. బ్యాక్టీరియా గురించి వెనక్కి తగ్గక్కర్లేదు, నమ్మినట్టు నటించక్కర్లేదు. తల్లి ముందు విశ్వాసం నటిస్తే ఆమె ఇట్టే పట్టేస్తుంది, అది ఇంకా పెద్ద అవమానం. "అమ్మా, ఆ మాట నేను అనకూడదుండె" అంటే చాలు. ఫోన్‌లో వద్దు, ఎదురుగా చెప్పండి.

ఇంకొకటి అడగండి. మీ నాన్నగారికి చివర్లో సత్ప్రసాదం అందిందా? మీరు రాయలేదు. 2021లో కరోనాతో పోయారంటే నాకు అనుమానంగా ఉంది. ఆ రోజుల్లో వార్డులోకి ఫాదర్లనే కాదు, కన్నపిల్లలను కూడా రానివ్వలేదు. మా ఇంట్లో కూడా ఒకరు అలాగే వెళ్లారు. ఆయన నోట్లో ఆఖరి అప్పం పెట్టలేకపోయామన్న దిగులు నాకు ఇంకా తీరలేదు. జీవితమంతా ప్రతి ఆదివారం పక్కపక్కన మోకరిల్లి తీసుకున్న మనిషి, వెళ్లేటప్పుడు అది లేకుండా వెళ్లడం ఒక భార్యకు ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. మీ అమ్మగారు మొదటి శుక్రవారం ఆరాధన మానకపోవడానికి, ఆ వీడియో పట్టుకుని మేలుకోవడానికి మూలం అక్కడే ఉండొచ్చు. నా ఊహ తప్పయితే ఆమే చెబుతారు. అడగడం మాత్రం మానొద్దు. ఆమె చెబుతుంటే మధ్యలో మాట్లాడొద్దు.

ఆ తర్వాత, అదే రోజు కాదు, ఇంకో రోజు ఆమెతో కలిసి ఇలాంటి వీడియో ఒకటి చూడండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, పరీక్ష ఎవరు చేశారు, అక్కడి మేత్రాణులు ఏమన్నారు అని ఇద్దరూ కలిసి వెతకండి. విలక్కన్నూరు సంగతి ముందు మీ నోటితోనే చెప్పండి, రోము గుర్తించిందని. కొడుకు తనను ఓడించడానికి రాలేదని అప్పుడు తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 7న పునీతుడైన కార్లో అకుతిస్ పేరు ఆమె వినే ఉంటారు. 15 ఏళ్లకే లుకేమియాతో పోయిన ఆ పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుని వందకు పైగా ఇలాంటి సంఘటనలను ఊరు, సంవత్సరంతో సహా పోగుచేశాడు. వాటిలో గట్టివీ ఉన్నాయి, వట్టి వినికిడివీ ఉన్నాయి. మనవరాలికి చూపించాలనుకుంటే వీడియో కన్నా ఆ పిల్లవాడి కథ చెప్పమనండి. నానమ్మ నోట విన్నది పిల్లను భయపెట్టదు.

మీరు ఆదివారాలు పూజకు వెళ్తున్నారా లేదా అన్నది కూడా ఉత్తరంలో లేదు. అది నేను అడగను. ఈ నెల మొదటి శుక్రవారం మాత్రం డ్యూటీ మార్చుకోండి. ఫాతిమానగర్ కెథడ్రల్‌లో ఆమె ఎక్కడ కూర్చుంటారో మీకు తెలిసే ఉంటుంది. పక్కన కూర్చోండి. మోకరించాలనిపించకపోతే ఊరికే కూర్చోండి. మధ్యలో పాపను కూర్చోబెట్టండి. పీఠం మీద ఆ తెల్లటి అప్పం, అంతసేపూ తెల్లగానే ఉండే అప్పం, పాప కూడా కాసేపు చూడనీయండి.

గ్రూపులో ఆ వీడియో కింద చోటు ఇంకా ఖాళీగానే ఉందనుకుంటాను. ఈ రాత్రి అలారం పెట్టుకుని లేచి "అమ్మా, శుక్రవారం నేను, పాప వస్తున్నం. రాత్రికి నీ దగ్గర్నే తింటం" అని రాయండి. నాలుగు గంటలకు రాస్తే వెంటనే చూస్తారు.